రెవిట్‌లో త్రీడీ వ్యూ మీద ట్యాగులు: ఆరేళ్లు వాడాక

బెంగళూరులో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో ఆరేళ్లుగా నాకు రెవిట్ (భవనాన్ని త్రీడీ మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్) మీదే పని. మా సైట్లలో ప్లంబింగ్ చేసేవాళ్లు ఎక్కువగా కదిరి, మదనపల్లె వైపు మేస్త్రీలు. వాళ్లకు ప్లాన్ చదవడం రాక కాదు. పైనుంచి నిలువుగా దిగే పైపు ప్లాన్‌లో ఒట్టి సున్నాలా కనిపిస్తుంది, అది ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో ఎవరికైనా ఏం తెలుస్తుంది? అదే బాత్రూమ్‌ను త్రీడీలో చూపించి, పైపుల మీద 110, 75 అని మి.మీ.లో సైజులు చూపే ట్యాగులు (చిన్న చీటీల్లాంటివి) వేసిస్తే ఇక ఫోన్లు రావు.

ముందు సెక్షన్ బాక్స్‌తో (కావలసిన భాగం చుట్టూ పెట్టే పెట్టె) ఆ ఒక్క బాత్రూమ్ మిగిలేలా కోసుకుంటాను. వ్యూను తిప్పే వ్యూ క్యూబ్ మూల నొక్కి, నచ్చిన కోణం దొరికాక కింద బార్‌లో ఇల్లూ తాళం ఉన్న చిన్న బొమ్మ నొక్కి లాక్ చేస్తాను. లాక్ వేయనిదే ట్యాగ్ పడదు. వేశాక జూమ్ చేయొచ్చు, పక్కకు జరపొచ్చు, తిప్పడం మాత్రం కుదరదు. 2012 వెర్షన్‌లో వచ్చిన సదుపాయం ఇది, ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది.

తాళం తీస్తే ట్యాగులన్నీ మాయం. పోవు, దాక్కుంటాయంతే, పాత కోణానికి రిస్టోర్ చేస్తే తిరిగొస్తాయి. ఈ సంగతి తెలిసీ ఓసారి దెబ్బతిన్నాను. ఏదో చూద్దామని వ్యూ తిప్పి, మళ్లీ లాక్ చేయడం మరిచిపోయి షీట్ ప్రింటు తీసి పంపేశాను. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఫోన్: “సార్, బొమ్మ బాగుంది గానీ పైపు సైజులేవి?” అప్పటినుంచి ప్రింటుకు ముందు మొదట ఆ తాళం వంకే చూస్తాను.

తొందరలో ట్యాగ్ బదులు టెక్స్ట్ పెట్టే అలవాటు మానుకోండి. ట్యాగ్ పైపులోంచి సైజు చదువుకుంటుంది, పైపు మారితే అదీ మారుతుంది. టెక్స్ట్‌కు ఆ తెలివి లేదు. నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలి) నుంచి వచ్చే లైను 75కి పెంచాక కూడా నేను టైప్ చేసిన 50 అక్కడే కూర్చుంది. పైపులు కోయకముందే కనిపించింది కాబట్టి సరిపోయింది.

కొలతల దగ్గర మాత్రం నాకు తృప్తి లేదు. డైమెన్షన్ పెట్టాలంటే ఒక్కోసారి వర్క్ ప్లేన్ (కొలత గీత పడే తలం) మార్చుకోవాలి, అంకెలు ఆ తలం మీదే ఏటవాలుగా పడతాయి, కొన్ని చదవడానికి మెడ తిప్పాలి. పైగా ఐసోమెట్రిక్‌లో (ఇలా మూలనుంచి చూసే కోణంలో) పొడవులు సుమారు 82 శాతానికి కుదించుకుపోతాయి. 1:50 షీట్‌లో మీటరు 20 మి.మీ. రావాలి, 16 చిల్లర వస్తుంది. అందుకే నేను త్రీడీలో సైజులు, లెవెళ్లు మాత్రమే ఇచ్చి, దూరాలు ప్లాన్‌లోనే పెడతాను. షీట్ మీద “స్కేలుతో కొలవద్దు” అని పెద్దక్షరాల్లో రాస్తాను. అయినా మొన్న సైట్‌కు వెళ్తే ఒకాయన ఆ అక్షరాల మీదే స్కేలు ఆనించి కొలుస్తున్నాడు.

రెవిట్ ‘రూమ్’ అని గుర్తించే గది ఖాళీ త్రీడీలో కనిపించదు కాబట్టి రూమ్ ట్యాగులూ లేవు. నా దగ్గరున్న 2023 వెర్షన్‌లో ఇంకా “మాస్టర్ బాత్” అని చేత్తోనే టైప్ చేస్తున్నాను.