రెండు సీజన్లు వాడిన లింగాకర్షక బుట్ట: మునుగోడు దిక్కు గులాబీ పురుగు ఎప్పుడెప్పుడు ఎగురుతుందో చూపించింది

పత్తిలో గులాబీ రంగు పురుగుకు పెట్టే లింగాకర్షక బుట్టలు, అంటే పైన మూత, మధ్యలో గరాటు, కింద పొడుగు పాలిథిన్ సంచి వేలాడే రకం, వరుసగా రెండు వానాకాలాలు వాడాను. మాది నల్గొండ జిల్లా మునుగోడు పక్కన పల్లె, నాలుగెకరాల చెల్క, బోరు ఉన్నా లేనట్టే, వాన పడితేనే పంట. కొనాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్తున్నా: తప్పకుండా కొనండి, కానీ పురుగు మొత్తం అందులో పడి చచ్చిపోతుందని మాత్రం కొనకండి. మందు ఏ రోజు కొట్టాలో చెప్పడానికే ఆ బుట్ట, ఆ ఒక్క పని చేస్తే చాలు, దాని ఖరీదు పదింతలు మిగులుతుంది.

మూత కింద గుచ్చే చిన్న రబ్బరు బిళ్లనే ఎర అంటాం. ఆడ రెక్కల పురుగు మగదాన్ని పిలవడానికి వదిలే వాసన అందులో ఉంటుంది. ఆ వాసనలో ఏమేం ఉన్నాయో 1973లో కనిపెట్టారు, దాని పేరు గాసిప్లూర్. మగవి ఆడది ఉందనుకుని వచ్చి గరాటులో జారి సంచిలో పడతాయి. ఆడవి పడవు, అవి చేనులో గుడ్లు పెడుతూనే ఉంటాయి. పైగా ఇవి రాత్రి పూట తిరిగేవి, పగలు ఆకుల చాటున, నేల నెర్రెల్లో దాక్కుంటాయి. పదేళ్లుగా పత్తి వేస్తున్నా ఆ రెక్కల పురుగును నేను మొదటిసారి కళ్లారా చూసింది ఈ బుట్టలోనే.

పొద్దున్నే సంచి కింది ముడి విప్పి పాత పేపర్ మీద దులిపితే వడ్ల గింజంత, బూడిద కలిసిన మట్టి రంగులో, రెక్కల మీద నల్ల మచ్చలతో రాలతాయి. వేలితో ముట్టుకుంటే పొడి అంటుకుంటుంది. ఇంత చిన్నది మన కాయలన్నీ తొలిచేసేది అంటే నమ్మబుద్ధి కాదు.

మొదటి ఏడాది నాకు జరిగిన నష్టం చెప్పాలి, ఎందుకంటే అది బుట్ట తప్పు కాదు. నల్గొండలో ఒక షాపులో బుట్టలు, ఎరలు కలిపి కొన్నాను. మూడు వారాలు రోజూ చూశాను, పెద్ద పెద్ద గోధుమ రంగు రెక్కల పురుగులు నాలుగైదు పడ్డాయి తప్ప ఈ చిన్నది ఒక్కటీ లేదు. మనకు పురుగు లేదులే అని నిమ్మళంగా ఉన్నా. ఒకరోజు మా కాక చేనుకు వచ్చి ఒక పువ్వు తెంపి చేతిలో పెట్టి, "ఇది గుడ్డి పువ్వు రా, పురుగు లేదంటవేంది?" అన్నాడు. రేకులు విచ్చుకోకుండా దారంతో కట్టేసినట్టు ముడుచుకుని ఉంది, విప్పి చూస్తే లోపల పిల్ల పురుగు. అప్పటికింకా తెల్లగానే ఉంది, పెద్దదయ్యాకే దానికి గులాబీ రంగు వస్తుంది. ఎర కవర్ మళ్లీ తీసి చదివితే అది శనగపచ్చ పురుగుది. ఒక పురుగు ఎరకు ఇంకో పురుగు రాదు. షాపాయన "అన్నీ ఒకటే తమ్ముడూ" అని ఇచ్చాడు, నేను చదవకుండా తెచ్చుకున్నా. ఆ ఏడాది మొదటి ఏరుడు తర్వాత వచ్చిందంతా గుడ్డి పత్తే, అంటే పురుగు తిని సరిగ్గా విచ్చుకోని పత్తి. కాబట్టి కవర్ మీద గులాబీ పురుగు అనో, గాసిప్లూర్ అనో, పెక్టినోఫోరా (ఈ పురుగు శాస్త్రీయ నామం) అనో ఉందా, తయారైన తేదీ ఉందా అని చూడకుండా డబ్బులు ఇవ్వకండి.

రెండో ఏడాది సరైన ఎర తెచ్చి, విత్తిన 45 రోజులకు, గూడ, అంటే పూమొగ్గ, పట్టే వేళకు ఎకరాకు రెండు చొప్పున కట్టాను, రోజూ లెక్క గోడ క్యాలెండర్ మీద రాశాను. ఆగస్టులో చాలా రోజులు సున్నా, ఎప్పుడో ఒకటి. సెప్టెంబర్ చివర నుంచి రెండు, మూడు. బతుకమ్మ పండుగ రోజుల్లో ఒక్కో బుట్టలో ఎనిమిది దాటింది, అదీ వరుసగా మూడు రాత్రులు. శాస్త్రవేత్తలు చెప్పే హద్దు కూడా అదే, బుట్టకు రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే ఇక ఆగకూడదు. వెంటనే కొట్టాను. ఎందుకంత తొందరంటే గుడ్డు పగిలాక పిల్ల పురుగు గంటా రెండు గంటల్లోనే కాయలోకి దూరిపోతుంది, దూరిన చోట తొర్ర కూడా పూడుకుపోతుంది, ఆ తర్వాత ఎంత ఖరీదైన మందైనా కాయ మీదే ఆరిపోతుంది. కొట్టాక లెక్క తగ్గింది, మళ్లీ నెలకు కార్తీకంలో ఇంకా పెద్ద గుంపు. గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి దాదాపు నెల పడుతుంది కాబట్టి గుంపు గుంపుకూ అంత ఎడం. చేనులో కాయ ఎక్కువైన కొద్దీ గుంపు పెరిగింది, నవంబర్, డిసెంబర్ల నాటి లెక్కలే అన్నిటికన్నా పెద్దవి.

ఒకే చేనులో బుట్టకూ బుట్టకూ ఉన్న తేడా మాత్రం నేను అనుకోలేదు. జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లు, రోడ్డు వైపు కట్టినదాంట్లో ముందు పడ్డాయి, లోపలి వైపు దాంట్లో వారం పది రోజుల తర్వాత. దేవరకొండ దగ్గర మా బావ చేనుకు దరిదాపుల్లో మిల్లు లేదు, ఆయనకు ఇంకా ఆలస్యంగా మొదలైంది. హర్యానా, పంజాబ్‌లో కూడా ఈ పురుగు 2018లో మొదట మిల్లుల చుట్టుపక్కల చేలలోనే బయటపడి, 2021కి బఠిండా పత్తిని ముంచేసింది. కారణం, పంట చివర్లో పురుగు రెండు గింజలను అతికించుకుని వాటి మధ్య పడుకుంటుంది, గింజ ఎక్కడికి పోతే అదీ అక్కడికే. పరీక్షగా ఇంటి దగ్గర, పంట అయ్యాక మిగిలిన కాయలతో సహా పీకేసిన పత్తి కట్టె కుప్ప పక్కన ఒక బుట్టను ఎండాకాలం మొత్తం ఉంచాను. చేనులో పత్తి లేని ఏప్రిల్‌లో కూడా పడ్డాయి! గుడ్లు పెట్టడానికి గూడ దొరక్క అవి ఊరికే చచ్చిపోతాయి. కానీ మే నెలలో ఒక వాన పడగానే విత్తేవాళ్ల చేను వాటికి అందుతుంది, అక్కడ పెరిగి మన మీదికి వస్తాయి. కట్టెను పొలం గట్టున కుప్ప వేసి ఉంచొద్దని అందరికీ చెప్తున్నాను, దయచేసి వినండి. బీజీ-2 (పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే బీటీ పత్తి) విత్తనమే కదా అని ధైర్యంగా ఉండకండి, ఆ విషానికి ఈ పురుగు అలవాటు పడిపోయింది.

ఇక వస్తువు సంగతి. గరాటు, మూత గట్టివి, రెండేళ్లకూ పగల్లేదు. సంచి మాత్రం నాసిరకం, ఎండకు నవంబర్‌కే చీలికలు, విడిగా నాలుగు సంచులు ఎక్కువ తెచ్చుకోండి. వానకు నీళ్లు నిలిస్తే పురుగులు కుళ్లి లెక్క తెలీదు, అడుగున సూదితో రెండు బెజ్జాలు పెట్టాను. చీమలు కర్ర ఎక్కి పడ్డవాటిని తినేస్తున్నాయి, కర్రకు గ్రీజు పూస్తే ఆగింది. మూడు మూలల జిగురు అట్ట రకం కూడా ఒకటి వాడి చూశాను, మా మట్టి రోడ్డు దుమ్ముకు వారంలోనే జిగురు పోయింది, మా దిక్కు గరాటు రకమే నయం. చెట్టు పెరిగిన కొద్దీ బుట్టను పైకి జరపాలి, చివర ఆకుల మీదికి ఒక అడుగు ఎత్తులో ఉంటే చాలు.

ఎర మాత్రం మూడు, నాలుగు వారాలకు మార్చాల్సిందే, వాడేదాకా కవర్ విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, గుచ్చేటప్పుడు చేతితో ముట్టుకోకండి. తీసేసిన పాత ఎరను చేనులో పారేస్తే మగ పురుగులు దాని చుట్టూ తిరుగుతాయి, బుట్ట లెక్క తప్పుతుంది, దూరంగా పూడ్చేయండి. నాంపల్లి, చండూరు, మర్రిగూడ దిక్కు వాళ్లు బుట్ట పెట్టి ఉంటే మొదటి పురుగు ఏ తేదీన పడిందో, మీకు మిల్లు ఎంత దూరమో కింద రాయండి, నా క్యాలెండర్‌తో పోల్చి చూస్తాను.