హనుమకొండలో శనివారం రాత్రి పబ్బుకు పోయేటోళ్లు జాగ్రత్త: గేటు కాడ మాట మారిందంటే అక్కడి నుంచే వాపస్ రండి

పోయిన నెల రెండో శనివారం రాత్రి మా బామ్మర్ది చెయ్యి విరిగింది. హనుమకొండలో ఒక పబ్బు మెట్ల మీద. గేటు కాడ కట్టిన ఆరువేలు బిల్లులో ఎందుకు తగ్గియ్యలేదని అడిగినందుకు. పబ్బు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు పోలీస్ స్టేషన్‌లో ఉంది. పేరు లేకున్నా మీకు పనికొచ్చే ముచ్చట్లు చాలా ఉన్నయి, అందుకే ఇంత పొడుగు రాస్తున్న. ఓపికతో చదవండి. ముఖ్యంగా ఇంట్ల కాలేజీ పిల్లలు ఉన్నోళ్లు.

బామ్మర్దికి బెంగళూరులో కొలువు వచ్చింది. పోయే ముందు దోస్తులకు దావత్ ఇస్త బావా అన్నడు. మా ఈడోళ్లకు దావత్ అంటే మడికొండ దాటినంక ఏదో ఒక దాబా, నాటుకోడి, రొట్టెలు, పది గంటలకు ఇంటికి. ఇప్పటి పిల్లలకు డీజే కావాలె, లైట్లు కావాలె. నాలుగేండ్ల కింద అయితే దానికోసం హైదరాబాద్ దాక పోయి గచ్చిబౌలిలో దిగేటోళ్లు. ఇప్పుడు మనకాడనే శుక్ర, శనివారాలు డీజే నైట్లు పెడుతున్నరు. పిల్లగాడు ఫోన్లో రీల్ చూపిచ్చిండు, కింద నంబరు ఉంది. నేనే ఫోన్ చేసిన.

"నలుగురం వస్తున్నం, అందరం మగోళ్లమే. లోపలికి రానిస్తరా?" అని సాఫ్‌గా అడిగిన.

"ఎందుకు రానియ్యం అన్నా, టేబుల్ ఆపి పెడ్త. 4,000 అడ్వాన్స్ కొట్టుండ్రి, మొత్తం బిల్లుల కట్ చేస్తం" అన్నడు.

ఫోన్‌పే కొట్టిన. వాట్సాప్‌లో ఒక్క ముక్క రాసి పంపమని అడగలే. ఆ ఒక్క ముక్క ఉంటే ఇయ్యాల నా పని సగం తక్కువ అయ్యేది.

రాత్రి 8:40కి పోయినం. కారు దిగంగనే వాలే పిల్లగాడు, అంటే మన బండి తీస్కపోయి పార్క్ చేసేటోడు, తాళం తీస్కున్నడు. తలుపు కాడ నల్ల టీషర్టులో నలుగురు బౌన్సర్లు. అందులో పెద్దోడు మా నలుగురిని మీద నుంచి కింద దాక చూసి, "స్టాగ్స్‌కు ఎంట్రీ లేదు" అన్నడు. ఆడోళ్లు తోడు లేని మగోళ్లను వాళ్లు అట్ల అంటరు. ఫోన్లో చెప్పినం కదా, పైసలు కూడా కొట్టినం కదా అంటే, "ఎవరికి చెప్పిండ్రో వాళ్లనే అడుగుండ్రి. లోపలికి పోవాల్నంటే మనిషికి 1,500 కవర్ కట్టాలె" అన్నడు. కవర్ అంటే లోపలికి రానిచ్చేందుకు తీస్కునే పైసలు. నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తలే. సరే మేం పోతం, మా 4,000 మాకియ్యండి అంటే, అడ్వాన్స్ వాపస్ రాదన్నడు.

అందరూ పడేది ఇక్కడనే. నేనూ పడ్డ. 4,000 పోతయి కదా అని ఇంకో 6,000 కట్టిన. ఎనక లైన్ నిలబడి ఉంది, పిల్లలు తయారై వచ్చిండ్రు, బామ్మర్ది మొహం చిన్నబోయింది. గేటు కాడ వాళ్లు ఆడేది ఈ మొహమాటం మీదనే. "ఇది కూడా బిల్లుల పోతదన్నా" అని ఒకడు నెమ్మదిగా చెప్పి, చేతికి కాగితం పట్టీ చుట్టిండు. పట్టీ మీద ఏం రాసి లేదు.

లోపల సంగతి ఎక్కువ చెప్ప. పాటల మోత, పొగ, పక్కోడు మాట్లాడితే వినపడది. నేను బండి నడపాలె కాబట్టి మందు ముట్టలే. అందుకే ఆ రాత్రి జరిగింది నాకు అక్షరం అక్షరం యాదికుంది.

ఒకటి మాత్రం చెప్పాలె. మా పక్క టేబుల్ మీద ఐదారుగురు పిల్లలు, ఇరవై కూడా దాటినట్టు లేరు. గేటు కాడ వాళ్ల దగ్గర కూడా కవర్ తీస్కున్నరట. లోపలికి వచ్చినంక ఆర్డర్ ఇస్తే ఆధార్ అడిగి, 21 నిండలేదు, మందు పొయ్యం అన్నరు. మన రాష్ట్రంలో 21 నిండకపోతే మందు అమ్మొద్దు, ఆ మాట నిజమే, అట్ల ఆపుడు మంచిదే. కానీ వయసు చూసేది గేటు కాడ కదా. అక్కడ పైసలు తీస్కొని లోపల కార్డు అడిగితే దానికి ఏం పేరు పెట్టాలె? ఆ పిల్లలు ఇంటికి చెప్పుకోలేరు, స్టేషన్‌కు పోలేరు. కవర్ తీస్కునేటోళ్లకు ఆ సంగతి బాగ తెలుసు. నిట్, కాకతీయ యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది చేరాలె.

పదకొండు కాకముందే బిల్లు తెప్పిచ్చినం. తిండి 3,200, మందు 9,400. రెండు కలిపి 12,600. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జ్ 1,260. ఆ మొత్తం మీద, అంటే మందు మీద కూడా, 5 శాతం జీఎస్టీ 693. అంతా 14,553. అందులో అడ్వాన్స్ 4,000 తీసేసి 10,553 కట్టమని. గేటు కాడ కట్టిన 6,000 మాటే లేదు. అడిగితే, "కవర్ తొమ్మిదిన్నర దాకనే నడుస్తది, అది కూడా కాక్‌టెయిల్స్‌కే" అన్నడు. ఏడ రాసి ఉందంటే జవాబు లేదు.

ఈ లెక్క మీరు కూడా ఒకసారి చూడండి. మందు జీఎస్టీలోకి రాదు. దాని మీద రాష్ట్రం వేసే వ్యాట్ వేరే, అది ధరలోనే కలిసి ఉందని వాళ్ల మెనూ మీదనే ఉంది. కాబట్టి జీఎస్టీ వెయ్యాల్సింది తిండికే, అంటే 160 రూపాయలు. సర్వీస్ చార్జ్ మన ఇష్టం. బిల్లులో తమంతట తాము కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4ననే చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు పోతే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఇట్ల చూస్తే మా బిల్లు 12,760. ముందే కట్టిన 10,000 పోతే మేం ఇయ్యాల్సింది 2,760. వాళ్లు అడిగింది 10,553. తేడా 7,793.

నీళ్ల సీసా మీద మాత్రం కొట్లాడకండి. కూచోబెట్టి వడ్డించే హోటళ్లు సీసా మీద ఉన్న ధర కంటే ఎక్కువ తీస్కోవచ్చని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అది పట్టుకొని గొంతు పెంచితే అసలు లెక్క పక్కకు పోతది.

బామ్మర్ది బిల్లు పట్టుకొని కౌంటర్ కాడికి పోయిండు. గొంతు పెంచలే, తిట్టలే. నేను పక్కనే ఉన్న. మేనేజర్ అనేటాయన తల ఎత్తకుంటనే చెయ్యి ఊపిండు, ఇద్దరు బౌన్సర్లు వచ్చిండ్రు. "బిల్లు కట్టి మాట్లాడు." కడ్తం, ముందు లెక్క చూపియ్యండి అన్నడు పిల్లగాడు. దోస్తు ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలు పెట్టిండు. ఒకడు ఫోన్ గుంజుకొని, వాని వేలుతోనే లాక్ తీయించి, వీడియో చెరిపేసిండు. ఇంకోడు బామ్మర్ది కాలర్ పట్టి తలుపు దాక గుంజుకపోయిండు. మెట్ల మీద ఒక్క నూకుడు. వాడు చెయ్యి ఆనించుకొని పడ్డడు. మణికట్టు కాడ ఎముక విరిగింది.

లేపుదామని పోతుంటే నన్ను అడ్డుకున్నరు. లైన్‌లో నిలబడ్డ ఇద్దరు అమ్మాయిలు, ఎవరి బిడ్డలో, వచ్చి వాన్ని లేపి మెట్ల మీద కూచోబెట్టిండ్రు. వాళ్లను కూడా "మీకెందుకు" అని ఒకడు చెయ్యి అడ్డం పెట్టి ఎనకకు నెట్టిండు. ఆ నలుగురు బౌన్సర్లలో ఒక్క ఆడ మనిషి లేదు. సంచులు ఎతికేది మగోళ్లే, నెట్టేది మగోళ్లే. "లేడీస్ ఫ్రీ" అని బోర్డు పెట్టినోళ్లు తలుపు కాడ ఒక ఆడ గార్డును పెట్టరా? అమ్మాయిలకు ఇట్ల జరిగితే 100కు చెయ్యండి, షీ టీమ్స్‌కు చెప్పండి. 2014 నుంచి ఉన్నయి అవి.

దవాఖానకు పోదామంటే కారు తాళం వాలే పిల్లగాని కాడ. బిల్లు చీటీ చూపిస్తేనే తాళం అన్నడు. పిల్లగాడు చెయ్యి పట్టుకొని వణుకుతున్నడు. నేను 10,553 కట్టిన, తాళం తీస్కున్న. అప్పుడే 100 కొట్టి అక్కడనే నిలబడాల్సి ఉండె. తాళం పట్టుకొని మనిషిని ఆపుడు అక్రమంగా అడ్డగించుడు కిందికి రావచ్చు, అది భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్‌లో ఉంది. ఆ నిమిషంలో నాకు అది తోచలే. అందుకే చెప్తున్న, అసుంటి చోటుకు పోతే బండి మీరే ఎక్కడన్న పెట్టుకోండి, తాళం మీ జేబులో ఉండాలె.

వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన కేజువాలిటీలో ఎట్ల తగిలిందని అడిగిండ్రు. మా పిల్లగాడు భయానికి "జారి పడ్డ" అనబోయిండు. కొత్త కొలువు, పోలీస్ కేసంటే ఏమైతదో అని. నేనే ఆపి ఉన్నది ఉన్నట్టు చెప్పిచ్చిన. మెడికో లీగల్ కేసు కింద రాసిండ్రు, అక్కడి నుంచే పోలీసులకు సమాచారం పోయింది. దయచేసి ఇది గుర్తు పెట్టుకోండి. ఆ మొదటి చీటీలో "పడ్డ" అని ఉంటే తర్వాత ఎంత మొత్తుకున్నా కష్టం. ఎముక విరిగితే చట్టంలో అది తీవ్ర గాయం కింద వస్తది, మామూలు గుద్దులాట కింద కాదు. కావాలని చేసినట్టు తేలితే 117వ సెక్షన్ కింద ఏడేండ్ల దాక శిక్ష ఉంది. ఎక్స్‌రే ఫిల్మ్ పారెయ్యకండి.

వీడియో కూడా దొరికింది. చెరిపేసినోనికి ఫోన్‌లో చెత్తబుట్ట ఉంటదని తోచలేదేమో. గ్యాలరీలో ఇటీవల తొలగించినవి చూస్తే 40 సెకన్లది అట్లనే ఉంది. మామూలుగా 30 రోజుల దాక ఉంటది. మీకు ఇట్ల అయితే ఆ రాత్రే చూసుకొని ఇంకో ఫోన్‌కు పంపుకోండి. స్టేషన్‌లో ఇచ్చిన కాగితంలో సీసీ కెమెరా రికార్డింగ్ వెంటనే తీస్కోవాలని వేరే లైన్ రాసిన, ఎందుకంటే కొన్ని రోజులకు దాని మీదనే కొత్తది ఎక్కుతది. ఎఫ్‌ఐఆర్ కాపీ పైసలు లేకుండ ఇయ్యాలె, అడిగి తీస్కోండి.

బౌన్సర్ల గురించి ఒక మాట. నల్ల టీషర్టు చూసి మనం పోలీసును చూసినట్టు భయపడుతున్నం. వాళ్లు ప్రైవేటు గార్డులు, అంతే. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ఉంది. గార్డులను పెట్టే ఏజెన్సీకి లైసెన్స్ ఉండాలె, మనిషి పూర్వాపరాలు విచారించాలె, శిక్షణ ఇయ్యాలె, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇయ్యాలె. లైసెన్స్ లేకుండ నడిపితే ఏడాది దాక జైలు, 25,000 దాక జరిమానా. 2024 డిసెంబరులో సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయినంక, జనాన్ని నెడితే బౌన్సర్ల మీద, ఏజెన్సీల మీద చర్యలుంటయని అప్పటి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ బయటికే చెప్పిండు. ఫిర్యాదులో ఏజెన్సీ పేరు, లైసెన్స్ కనుక్కోవాలని రాయండి. పబ్బు వాళ్లు "మా మనిషి కాదు" అని తప్పించుకోవాలని చూస్తరు, మాకు అదే అన్నరు.

ఆ నలుగురు బౌన్సర్లలో ఒక చిన్న పిల్లగాడు ఉండె, పరకాల దిక్కు యాస. కారు కాడికి ఉరికొచ్చి నీళ్ల సీసా ఇచ్చి, "అన్నా, ఎంజీఎంకే పోండ్రి, చీటీ రాయించుకోండ్రి" అన్నడు. కార్డు ఉందా నీకు అంటే లేదన్నడు. ఆ పిల్లగాని మీద నాకు కోపం లేదు. కార్డు లేకుండ, నేర్పకుండ, రోజు కూలికి తెచ్చి జనం మీదికి వదిలినోళ్ల మీద ఉంది.

పైసల సంగతికి 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసిన. జవాబు రాకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత. మనం కొన్నదాని విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేండ్ల గడువు ఉంటది, వకీలు లేకుండ మనమే వేసుకోవచ్చు. 7,793 కోసం ఇంత తిరుగుడా అని మా ఇంట్ల కూడా అన్నరు. తిరుగుత. 4,000 వదులుకొని గేటు కాడి నుంచే వాపస్ వచ్చుంటే పిల్లగాని చెయ్యి బాగుండేది అన్న ఆలోచన నన్ను నిద్ర పోనిస్తలేదు.

ఆ శనివారం రాత్రి 11 గంటల టైములో ఆ మెట్ల కాడ ఉన్నోళ్లు ఎవరన్న ఇది చదివితే, ముఖ్యంగా వాన్ని లేపిన ఆ ఇద్దరు చెల్లెళ్లు, మీ పేర్లు నేను ఎక్కడా రాయను. మీ ఫోన్లో ఏమన్న ఉంటే పట్టుకొని స్టేషన్‌కు రండి, నేను తోడు వస్త. కట్టు విప్పేది ఇంకో మూడు వారాలకు. బెంగళూరు కంపెనీ చేరే తేదీని ఒక్కసారి జరిపింది, మళ్లీ జరపం అన్నది.