నెల్లూరులో పై అంతస్తు ఫ్లాట్ కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి

నెల్లూరులో పాత ఫ్లాట్, అందులోనూ పై అంతస్తుది, చూస్తున్నవాళ్లు ఒక్క పెద్ద వాన పడేదాకా ఆగండి. మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అమ్మేవాళ్లు ఇల్లు చూపించేదేమో సంక్రాంతి దాటాక, మంచి ఎండల్లో. అప్పుడు ఏ స్లాబయినా పొడిగానే ఉంటుంది.

వేదాయపాళెం వైపు మేం తీసుకున్న ఫ్లాట్ సంగతి ఇదే. హాల్లో కొత్త ఫాల్స్ సీలింగ్, గోడలకు కొత్త పెయింట్. లీకేజీ ఉందా అని మా ఆవిడ సూటిగానే అడిగింది. "చుక్క కారదమ్మా" అన్నారు ఓనరు. నవంబరులో వాయుగుండం వచ్చి ముసురు పట్టేసరికి, సీలింగ్‌లో లైటు బిగించిన రంధ్రంలోంచి నీళ్లు కారడం మొదలైంది. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపేసి ఒక షీటు విప్పాడు. స్లాబుకు పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటికి కనబడుతున్నాయి. వాటికింద, సీలింగ్ ఫ్రేము మీద, ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టి ఉంది. అడుగున సిమెంటు మడ్డి ఎండి గట్టిపడిపోయింది. తెలిసే దాచారు. ఫోన్ చేస్తే ఇప్పటికీ ఎత్తరు.

తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. కాబట్టి పుట్టీ పెట్టి రంగేస్తే ఆగే పని కాదిది. పిల్లలు పడుకునే గదిలో పెచ్చు ఊడిపడితే ఏమవుతుందో ఆలోచించండి.

వాన వెలిసిన మర్నాడు ముందు మేడ మీదికెళ్లండి. నీళ్లు ఇంకా మడుగు కట్టి ఉంటే వాలు సరిగా లేనట్టే. పిట్టగోడ స్లాబును కలిసేచోట, వాననీళ్ల పైపు మూతి దగ్గర పగుళ్లు చూడండి. ఎక్కువగా కారేది అక్కడినుంచే. ఇంట్లో అల్మరా తలుపులు తెరిచి వాసన చూడండి, వెనక గోడకు చెయ్యి ఆనించండి. తెల్లగా ఉప్పు పూసినట్టుంటే గోడలోంచి నీళ్లు వస్తున్నాయని అర్థం. ఒక్క గోడకే కొత్త రంగుంటే ఎందుకని గట్టిగా అడగండి. వానలు పోయి ఎండలు ముదిరినా చెమ్మ ఆరకపోతే అది వాన నీరు కాకపోవచ్చు, బాత్రూమ్‌ను, పైపులను అనుమానించాలి.

వేసవిలోనే కొనాల్సి వస్తే, అసోసియేషన్‌ను అడిగి మేడ మీద పైపులు మూసి ఒక రోజంతా నీళ్లు నిలబెట్టించండి. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక షీటు విప్పించండి. ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయండి. మేడ మరమ్మతు ఖర్చు ఎవరిదో అసోసియేషన్ దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి. "పై అంతస్తు వాళ్లదే సమస్య" అని కింది వాళ్లు చేతులు దులుపుకుంటే ఆ బాధ చెప్పనలవి కాదు, మేం పడుతున్నాం.

కొత్త ఫ్లాట్ అయితే కొంత నయం. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం వర్తించే ప్రాజెక్టులో, స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా ఫొటోలు జతచేసి రాతలో ఇవ్వండి. స్థలం 500 చదరపు మీటర్లు మించని, లేదా ఫ్లాట్లు 8కి మించని ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన ఊళ్లో అలాంటి చిన్న అపార్ట్‌మెంట్లు చాలానే ఉన్నాయి, కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరు ముందే అడగండి.