జ్వరం ఉంటే గేటు దగ్గరే ఆపే డేకేర్

మా బాబుకు రెండున్నరేళ్లు. నయీంనగర్‌లోని ఈ డేకేర్‌లో చేర్పించి పది నెలలైంది. నాది హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం, మా వారిది కాజీపేట రైల్వేలో షిఫ్టు డ్యూటీ, అత్తమ్మ ఉండేది పరకాలలో. బాబుకు ఒంట్లో బాగాలేదంటే ఎవరు సెలవు పెట్టాలన్నదే మా ఇంట్లో పెద్ద టెన్షన్. తిండి, బొమ్మలు, కెమెరాలు ఇక్కడ బాగానే ఉన్నాయి. పిల్లలకు బాగాలేనప్పుడు వీళ్లు ఎలా ఉంటారో చెప్పాలని రాస్తున్నాను.

చేర్చిన రెండో నెలలో నేనొక తప్పు చేశాను. రాత్రి బాబుకు 101 ఉంది. తెల్లారితే బ్యాంకులో ఆడిట్. ఏడింటికి పారాసిటమాల్ సిరప్ వేశాను, ఎనిమిదిన్నరకు ఒళ్లు చల్లబడింది. ఆడుకుంటున్నాడు కదా అని తీసుకెళ్లాను. గేటు దగ్గర ఆయమ్మ వాడి నుదురు పట్టి చూసి, "రాత్రి జరమొచ్చిందా అమ్మా? మందేమన్న పోసిన్రా?" అని అడిగింది. లేదన్నాను. పన్నెండింటికి ఫోన్ వచ్చింది. 102 ఉంది, అన్నం ముట్టలేదు, చాప మీద నుంచి లేవట్లేదు. ఆడిట్ వదిలేసి ఆటోలో వెళ్లాను. ఎత్తుకుంటే భుజం మీద తల వాల్చేశాడు, కళ్లు తెరవలేదు. ఆ ఒంటి వేడి ఇప్పటికీ గుర్తుంది.

మేడమ్ ఒక్క మాట కూడా అనలేదు. "సిరప్ వేస్తే నాలుగు నుంచి ఆరు గంటలు అణిగి ఉంటుందమ్మా, తర్వాత మళ్లీ ఎక్కుతుంది. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతే తీసుకురండి" అన్నారు. లోపల ఇంకా పద్నాలుగు మంది పిల్లలున్నారు, అందులో ఒక పాపకు ఏడాది కూడా నిండలేదు. నేను అబద్ధం చెప్పింది ఆయమ్మకు మాత్రమే కాదని అప్పుడు అర్థమైంది.

వీళ్లు థర్మామీటర్ ఒక్కటే చూడరు. 100.4 దాటితే ఎలాగూ ఇంటికి పంపిస్తారు. అంతకు తక్కువున్నా పిల్లాడు తింటున్నాడా, ఆడుతున్నాడా, మిగతా పిల్లల్ని వదిలేసి ఒక మనిషి వాడి దగ్గరే కూర్చోవాల్సి వస్తోందా అని చూస్తారు. వాంతులు, డైపర్‌లో ఆగనంత మోషన్స్ అయితే ఇంట్లోనే ఉంచమంటారు. జ్వరం లేని మామూలు సర్దికి ఆపరు. నోట్లో పుండ్లు, చేతులకు, కాళ్లకు మచ్చలు వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు వచ్చినప్పుడు జ్వరం పోయి, నోటి పుండ్లు తగ్గి అన్నం తినగలిగితే రానిస్తారు. మచ్చలన్నీ పోయేదాకా ఆపి లాభం లేదట, ఆ వైరస్ మలంలో కొన్ని వారాల పాటు ఉంటుంది. అందుకే డైపర్ మార్చిన ప్రతిసారీ ఆయమ్మలు సబ్బుతో చేతులు కడుగుతారు. నేను వెళ్లిన ప్రతిసారీ చూశాను, శానిటైజర్ రాసుకుని సరిపెట్టుకోరు.

నచ్చనివీ ఉన్నాయి. మొదట్లో చీమిడి పచ్చగా ఉందని బాబును వెనక్కి పంపించారు, నాకు ఒక సెలవు పోయింది. చీమిడి రంగును బట్టి ఏమీ తేల్చలేమని మా పిల్లల డాక్టర్ చెప్పారు. నాలుగైదు మంది తల్లిదండ్రులం వెళ్లి అడిగాక ఆ రూల్ తీసేశారు. ఇంకొకటి, ఏం జరిగినా ఫోన్ తల్లికే చేసేవారు. ఫారంలో తండ్రి నంబర్ ఉన్నా సరే! నేను గట్టిగా అడిగితే ఇప్పుడు మా వారికీ చేస్తున్నారు. రాని రోజులకు ఫీజు తగ్గించరు. బాగాలేని పిల్లల్ని పడుకోబెట్టడానికి విడిగా గది లేదు, ఆఫీసు రూంలో ఒక మంచం వేశారంతే. నెలకు ఆరు వేలు తీసుకుంటున్నప్పుడు ఒక చిన్న గది కేటాయించాలి.

పోయిన నెల ఒక పిల్లాడికి అమ్మవారు (ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్) పోసింది. పేరు చెప్పకుండా ఆ సాయంత్రమే అందరికీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఆ బాబు రాడని, మిగతావాళ్లు 21 రోజులు పిల్లల ఒళ్లు చూసుకోవాలని రాశారు. ఆటలమ్మ టీకా సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో లేదు. మేం బయట వేయించాం కాబట్టి కొంత ధైర్యం ఉంది. అయినా రోజూ స్నానం చేయించేటప్పుడు వీపు, పొట్ట, చెవుల వెనక వెతికాను. అత్తమ్మ కూడా పరకాల నుంచి బస్సెక్కి వచ్చి వారం ఉంది. నిన్నటితో 21 రోజులు అయిపోయాయి. ఏమీ రాలేదు.