ఐదేళ్ళు, 21 వేల మైళ్ళు తిరిగాక మా ఫోమ్ ట్రైలర్ గురించి

2019 డిసెంబర్ సెలవుల్లో డాలస్‌లోని మా ఇంటి గరాజ్‌లో, కారు వెనక తగిలించి లాక్కెళ్ళి లోపల పడుకునే ఈ చిన్న ట్రైలర్ పని మొదలుపెట్టాను. 2020 మార్చికల్లా చక్రాల మీద నిలబడింది. కోవిడ్ వల్ల మొదటి ప్రయాణం అక్టోబర్ దాకా కుదరలేదు. అప్పట్నుంచి ఐదేళ్ళ పైచిలుకు, దాదాపు 21 వేల మైళ్ళు మా కారు వెనకాలే తిరిగింది. టెక్సస్‌లోని పాలో డ్యూరో కాన్యన్, డేవిస్ మౌంటెన్స్, బిగ్ బెండ్ నేషనల్ పార్క్, ఆర్కాన్సాలోని హాట్ స్ప్రింగ్స్ అన్నీ దీంతోనే చూశాం. కట్టిన కొత్తలో అడిగినవాళ్ళందరికీ "కట్టుకోండి, చాలా తేలిక" అని చెప్పేవాణ్ణి. ఇప్పుడూ కట్టుకోమనే చెప్తాను గానీ చెప్పాల్సిన సంగతులు ఇంకొన్ని ఉన్నాయి.

మా కారు హోండా సీఆర్‌వీ. అమెరికాలో దానికి లాగే పరిమితి 1500 పౌండ్లు, అంటే 680 కిలోలు. షాపుల్లో చూసిన చిన్న ట్రైలర్లు చాలావరకు సామాను వేయకముందే ఆ అంచుకి వచ్చేస్తున్నాయి. ట్రైలర్ కోసం కారు మార్చడం నాకు ఇష్టం లేదు. అందుకే ప్లైవుడ్ గోడలు వదిలేసి ఫోమ్ గోడలకి వెళ్ళాను. ఇళ్ళ గోడలకి, పునాదులకి వేడి ఆగడానికి వాడే గులాబీ రంగు ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు ఇది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అంగుళంన్నర మందం ఉన్న బోర్డు ఆరు పౌండ్లకి అటూ ఇటూ ఉంటుంది. అదే కొలత అరంగుళం ప్లైవుడ్ అయితే దాదాపు 40 పౌండ్లు.

కింద చట్రం కిట్‌గా కొన్నాను. దాని మీద ప్లైవుడ్ నేల, నేల మీద ఫోమ్ గోడలు, ఫోమ్ పైకప్పు. ఫోమ్ పైన తెల్ల పెయింటర్ల క్యాన్వాస్ గుడ్డ, దానికి నీళ్ళు కలిపిన చెక్క జిగురు, ఆరాక బయటి గోడలకి వేసే పెయింట్ మూడు పూతలు. జిగురుని చిక్కటి మజ్జిగలా పలచబరిచి, ఫోమ్ మీద పూసి, తడిగుడ్డ పరిచి, మళ్ళీ పైన పూయాలి. అంతకుముందు ఫోమ్ నున్నటి పొర మీద మేకులు బిగించిన రోలర్‌తో సన్నటి చిల్లులు పెట్టాలి, లేకపోతే జిగురు పట్టదు. మర్నాడు పొద్దున గరాజ్ తలుపు తీసి గోడ మీద వేలితో కొడితే డప్పులా మోగింది. రాత్రి ముడతలు ముడతలుగా వదిలేసిన గుడ్డ ఆరుతూ కుంచించుకుపోయి బిగుసుకుంది. మూడు నెలల పనిలో నాకు బాగా గుర్తుండిపోయిన పొద్దు అదే.

తప్పు కూడా అక్కడే చేశాను. తలుపు చట్రం దగ్గర తొందరపడి డబ్బాలోంచి కొట్టే స్ప్రే జిగురు వాడాను. అందులోని సాల్వెంట్‌కి ఫోమ్ కళ్ళముందే పంచదార తడిసినట్టు కరిగి, గుప్పెడంత గుంట పడింది. ఆ ముక్క కోసి కొత్తది అతికించాల్సి వచ్చింది. ఫోమ్‌కి తగిలే ప్రతి జిగురునీ, ప్రతి పెయింటునీ ముందు పనికిరాని ముక్క మీద వేసి గంటసేపు చూడండి.

తూకం: ట్రక్ స్టాప్‌లో వేయిస్తే ఖాళీగా 620 పౌండ్లు. బ్యాటరీ, పరుపు, నీళ్ళు, వంట సామాను, మంచు పెట్టె అన్నీ వేశాక 980. మామూలుగా గాలన్‌కి 30 మైళ్ళు ఇచ్చే కారు దీన్ని లాగుతూ 23 ఇస్తుంది. బరువుకన్నా గాలే ఎక్కువ తినేస్తుంది. ఎదురుగాలి ఉన్న రోజు ఆ 23 కూడా రాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. రెండో ఏడు బిగ్ బెండ్ వెళ్తూ ఏడేసి గాలన్ల నీళ్ళ డబ్బాలు రెండు వెనక అరలో పెట్టాను. ఆ రెండూ కలిసి 116 పౌండ్లు. ఎబిలిన్ దాటాక ఇంటర్‌స్టేట్ 20 మీద 65 మైళ్ళ వేగంలో ఒక పెద్ద ట్రక్కు పక్కనుంచి వెళ్ళింది. ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ఒక ఊపు, ఇంకా పెద్ద ఊపు, కారు వెనక భాగం కూడా దాంతో కదిలింది. వెనక సీట్లో మా అబ్బాయి ఉన్నాడు. బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే 50కి దిగాక నెమ్మదించింది. రోడ్డు పక్కన ఆపాక కాసేపు చేతులు వణికాయి.

అప్పుడు ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు మాతోనే ఉన్నారు. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఎడ్లబండి తోలిన మనిషి. దిగి ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి, వెనక డబ్బాలు చూసి, "వెనక బరువేస్తే కాడి పైకి లేవదట్రా? నొగ మీద బరువు ఉండాలి" అన్నారు. నేను పుస్తకాల్లో చదివి వదిలేసిన లెక్క అదే. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించే చోట పడాలి. ఇంటికొచ్చాక బాత్రూమ్ తూకం మీద కర్ర ముక్క నిలబెట్టి, దానిమీద ట్రైలర్ నొగ, అంటే కారుకి తగిలించే ముందు కడ్డీ కొస ఆనించి చూస్తే, ఆరోజు సర్దినట్టు సర్దితే 55 పౌండ్లే ఉంది. నీళ్ళు ఇరుసుకి కాస్త ముందుకి మార్చితే 120 అయింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఊగలేదు. తేలిక ట్రైలర్‌లో ఇది ఇంకా గట్టిగా పట్టించుకోవాలి, ఎందుకంటే రెండు డబ్బాలే మొత్తం లెక్క తారుమారు చేస్తాయి. ఇప్పుడు ప్రతి ప్రయాణానికి ముందు తూకం తీస్తాను, 60 మైళ్ళు దాటను.

ఇక ఫోమ్ మీది గుడ్డ, పెయింట్ చర్మం ఎలా నిలబడింది అంటారా? గోడలు, పైకప్పు ఇప్పటికీ భేషుగ్గా ఉన్నాయి. ఒక ఏప్రిల్ రాత్రి నిమ్మకాయలంత వడగళ్ళు పడ్డాయి. పైకప్పు నిండా బొటనవేలితో నొక్కినట్టు సొట్టలు, రెండుచోట్ల గుడ్డ చిరిగింది. క్యాన్వాస్ ముక్క, అదే జిగురు, కొంచెం పెయింట్‌తో ఒక సాయంత్రంలో బాగుచేశాను. అల్యూమినియం రేకు అయితే నా చేత అయ్యేది కాదు.

చెడిపోయినవన్నీ అంచుల దగ్గరే. తలుపు బందుల స్క్రూలు సగం ఫోమ్‌లోకే దిగాయి, రెండో ఏడు ఊడి వచ్చాయి. స్క్రూ పడే ప్రతిచోటా ముందే ఫోమ్ కోసి చెక్క దిమ్మ పొదగాలి. తలుపు గడప దగ్గర నీళ్ళు నిలిచి, గుడ్డ ఉబ్బి, కింద చెక్క మెత్తబడింది. నేను వాడిన జిగురు తడిని తట్టుకుంటుంది గానీ రోజుల తరబడి నానితే వదిలేస్తుంది. అలాంటిచోట పూర్తి వాటర్‌ప్రూఫ్ రకం జిగురు వాడాల్సింది. పైకప్పు ఫ్యాన్ చుట్టూ నీళ్ళు చొరనివ్వని బ్యూటైల్ రబ్బరు టేపు వేశాను, అక్కడ చుక్క కారలేదు.

అడుగుభాగం కథ వేరు. నేల కింద అతికించిన ఫోమ్‌కి గుడ్డ వేయకుండా వదిలేశాను, కింద ఎవరు చూస్తారులే అని. ఒక సరస్సు పక్కన నాలుగు రోజులు ఆపితే జాకీ కాలు మీదుగా ఎర్రచీమలు ఎక్కి ఫోమ్ తొలిచేశాయి. పరుపు ఎత్తి చూస్తే నేల మూలన గులాబీ రంగు పొడి కుప్పగా ఉంది. టెక్సస్ చీమ కుడితే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అడుగంతా శుభ్రం చేసి గుడ్డ, పెయింట్ వేశాక మళ్ళీ రాలేదు.

నిద్ర మాత్రం హాయిగా పడుతుంది. 54 అంగుళాల వెడల్పు పరుపు సరిగ్గా పడుతుంది, కూర్చుంటే తల తగలదు. డేవిస్ మౌంటెన్స్‌లో బయట నీళ్ళు గడ్డకట్టిన రాత్రి లోపల హీటర్ లేకుండా ఒక్క రజాయితో పడుకున్నాం. ఆ రాత్రే ఫ్యాన్ మూత పూర్తిగా మూశాం, తెల్లారేసరికి మా ఊపిరే చుక్కలై మొహం మీద పడింది. ఎంత చలైనా మూత రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచాలి. లోపల స్టవ్ మాత్రం వద్దు. ఈ ఫోమ్ అంటుకుంటే వచ్చే పొగ ప్రాణాంతకం. మా వంట అంతా వెనక టార్పాలిన్ కిందే, కార్బన్ మోనాక్సైడ్ అలారం లోపల తలవైపు. మా ఆవిడ అక్కడే ఉప్మా, చారు చేస్తుంది. గాలి వీచే రోజు స్టవ్ మంట నిలవక ఇబ్బందే, అప్పుడు ఇంటినుంచి తెచ్చిన పులిహోరే గతి.

మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా కాళ్ళదగ్గర అడ్డంగా పడుకునేవాడు. ఇప్పుడు వాడికి పక్కన టెంట్ వేస్తున్నాం. ముగ్గురికి ఇది చాలదు, ఆ ఉద్దేశంతో కట్టకండి. ఇద్దరికైతే దీన్ని మించింది నాకు కనబడలేదు. బిగ్ బెండ్‌లో చిసోస్ బేసిన్ రోడ్డు మలుపులకి 20 అడుగులు దాటిన ట్రైలర్లు వద్దంటారు. మాది నొగతో కలిపి 12 అడుగులు, ఏ టెన్షన్ లేకుండా ఎక్కి దిగాం.

ఖర్చు బ్యాటరీ, సోలార్ పలకతో కలిపి 2,600 డాలర్లయింది. తర్వాత టైర్లు ఒకసారి మార్చాను, బేరింగులు ఏటా విప్పి గ్రీజు నింపుతాను. కిట్‌తో వచ్చిన గ్రీజు నామమాత్రం, మొదటి ప్రయాణానికి ముందే నింపుకోండి. ఏటా వసంతంలో ఒక శనివారం కింది అంచులన్నీ వేలితో నొక్కుతూ చూసుకుంటాను, మెత్తగా తగిలినచోట కోసి అతుకు వేస్తాను. ఈసారి తలుపు గడప చెక్క తీసేసి అల్యూమినియం కోణం బిగిస్తున్నాను, నీళ్ళు బయటికి జారేలా కొంచెం వాలుగా.