బెంగళూరు వారాంతపు ఎంటెక్‌లో వెబ్ సర్వీసుల ఎలెక్టివ్: తీసుకోవచ్చా?

వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, నగరం నడిబొడ్డున ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో శని, ఆదివారాల్లో ఎంటెక్ చదువుతున్న నేను, మొన్నటి సెమిస్టరులో వెబ్ సర్వీసులు, సేవాధారిత సాఫ్ట్‌వేర్ రూపకల్పన అనే ఎలెక్టివ్ (ఐచ్ఛిక సబ్జెక్టు) పూర్తి చేశాను. నెట్‌వర్క్ ద్వారా ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాముకు పని చేసిపెట్టే ఏర్పాటే వెబ్ సర్వీసు. తీసుకోవచ్చా అని మన తెలుగువాళ్ళు తరచూ అడుగుతున్నందున ఈ సమీక్ష రాస్తున్నాను. పర్పుల్ లైన్ మెట్రో ఉంది కనుక రాకపోకలకు ఇబ్బంది లేదు, ఇబ్బందంతా సిలబస్‌తోనే.

మొదటి ఐదు వారాలు సోప్ (ప్రోగ్రాముల మధ్య సందేశాలు పంపే పద్ధతి), డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసు ఏమేం చేస్తుందో వర్ణించే భాష), యూడీడీఐ (సర్వీసులను వెతుక్కునే జాబితా) అనే మూడింటికే సరిపోయాయి. 2003లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఆమోదించిన సోప్ 1.2 పాత బ్యాంకింగ్ వ్యవస్థల్లో ఇప్పటికీ తారసపడుతుంది కనుక దాన్ని నేర్పడాన్ని నేను తప్పుపట్టను. అయితే ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ కలిసి నడిపిన బహిరంగ యూడీడీఐ రిజిస్ట్రీ 2006లోనే మూతపడగా, అందులోని బిజినెస్ ఎంటిటీ, టీమోడల్ వంటి నిర్మాణాలను మా చేత వల్లె వేయించి, పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా అడగడం ఎందుకో నాకు బోధపడలేదు. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో వివరించిన, వెబ్ పనిచేసే తీరులోనే సర్వీసులను రూపొందించే రెస్ట్ శైలికి మాత్రం ఒకటిన్నర తరగతే దక్కింది. సర్వరు సెషన్‌ను (వాడుకరితో అంతకుముందు జరిగిన సంభాషణను) గుర్తుపెట్టుకోనవసరం లేకపోతే ఏ అభ్యర్థననైనా ఏ యంత్రానికైనా పంపవచ్చునన్న కీలకాంశాన్ని ఇంటికొచ్చి సొంతంగా చదువుకున్నాను. ల్యాబ్ సర్వరు తరచూ మొరాయించేది. ఎవరి ల్యాప్‌టాప్‌లో వారే డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లా నడిపే సాధనం) పెట్టుకుని నెట్టుకొచ్చాం.

కట్టిన ఫీజు గిట్టుబాటైంది ప్రాజెక్టులోనే. అనంతపురం సహాధ్యాయితో కలిసి, బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు నుంచి కడపకు బస్సు టికెట్టు కొనే వ్యవస్థను సీటు, చెల్లింపు, టికెట్టు అనే మూడు సర్వీసులుగా రాశాను. డెమో రోజున మాస్టారు చెల్లింపు సర్వీసు జవాబుకు కావాలనే ముప్ఫై సెకన్ల ఆలస్యం పెట్టించారు. మా ప్రోగ్రాము పది సెకన్లు చూసి, మళ్ళీ అదే అభ్యర్థన పంపింది. నమూనా ఖాతాలో 850 రూపాయలు రెండుసార్లు కోత పడ్డాయి, చేతికి వచ్చింది ఒక్క టికెట్టే. ఆయనది చిత్తూరు వైపు కావడంతో, “జవాబు రాలేదంటే పని జరగలేదని మీకెవరు చెప్పినారయ్యా?” అని తెలుగులోనే అడిగారు.

ఆ ప్రశ్నతో మాకు రెండు వారాలు గడిచాయి. ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేక సంఖ్య కేటాయించి, అదే సంఖ్య రెండోసారి వస్తే డబ్బు తీయకుండా మొదటి ఫలితాన్నే తిరిగి ఇచ్చేటట్లు మార్చాము. మూడు సర్వీసులకూ వేర్వేరు డేటాబేసులు ఉన్నందున, టికెట్టు దశలో విఫలమైతే మొత్తాన్ని ఒకేసారి వెనక్కి తిప్పడం కుదరదు. డబ్బు వాపసు, సీటు విడుదల అనే విరుగుడు చర్యలను విడివిడిగా నడపాలి. సుదీర్ఘమైన డేటాబేసు లావాదేవీల కోసం 1987లో ప్రతిపాదించిన సాగా పద్ధతి ఇదేనని ఆయన ఆ తరువాతే చెప్పారు. ముందు దెబ్బ తగిలి, తరువాత పేరు తెలియడం నాకు నచ్చింది.

నేను ఐదుకు మూడున్నర ఇస్తాను. ఉద్యోగంలో ఏపీఐలు (ఇతర ప్రోగ్రాములు పిలిచి వాడుకునే ద్వారాలు) రాస్తున్నవారు నిస్సందేహంగా తీసుకోవచ్చు. వెబ్‌లో సమాచారం ఇచ్చిపుచ్చుకునే నియమావళి హెచ్‌టీటీపీతో బొత్తిగా పరిచయం లేనివారు నెట్‌వర్క్స్ సబ్జెక్టు ముందుగా పూర్తి చేసుకోవడం మేలు. హాజరు పట్టింపు గట్టిది కనుక మొదటి ఐదు వారాలు ఎగ్గొట్టే వీలు మాత్రం లేదు.