లివర్‌లో హెమాంజియోమా: ముందు ఎంఆర్‌ఐనా, ఎండోస్కోపీనా?

అల్ట్రాసౌండ్ రిపోర్టులో "హెమాంజియోమా, 2 సెం.మీ." అని కనబడగానే ఉబ్బరం, అజీర్తి, బరువు తగ్గడం అన్నీ దాని వల్లేనని టెన్షన్ పడతాం. అది రక్తనాళాల ముద్ద, క్యాన్సర్ కాదు. అంత చిన్నది సాధారణంగా ఏ ఇబ్బందీ పెట్టదు. బరువు తగ్గడానికి కారణం వేరే చోట వెతకాలి.

ఎంఆర్‌ఐ ఆ మచ్చ ఏమిటో తేలుస్తుంది. ఎండోస్కోపీ అన్నవాహిక, జీర్ణాశయం లోపలి పొరను చూపిస్తుంది. అల్సర్ కనబడుతుంది, హెచ్. పైలోరీ (అల్సర్ తెచ్చే బ్యాక్టీరియా) పరీక్షకు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీస్తారు.

ఖర్చు: కాంట్రాస్ట్ (నరంలోకి మందు ఎక్కించి తీసే) ఎంఆర్‌ఐకే సాధారణంగా ఎక్కువ.

శ్రమ: ఎంఆర్‌ఐలో చాలాసేపు కదలకుండా పడుకోవాలి. ఎండోస్కోపీకి 6–8 గంటలు ఏమీ తినకూడదు, పరీక్ష మాత్రం నిమిషాల్లో అయిపోతుంది.

రిస్క్: ఎంఆర్‌ఐకి ముందు పేస్‌మేకర్, కిడ్నీ జబ్బు సంగతి చెప్పాలి. ఎండోస్కోపీలో రక్తస్రావం, చిల్లు పడటం చాలా అరుదు.

డైటింగ్ చేయకుండానే 6–12 నెలల్లో 5 శాతం, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, పొట్ట బాధలూ ఉంటే ఎండోస్కోపీ గురించే ముందు అడగండి. షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకోండి. మచ్చ స్పష్టంగా లేకపోయినా, హెపటైటిస్ బి, సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు), పాత క్యాన్సర్ ఉన్నా ఎంఆర్‌ఐ ఆలస్యం చేయొద్దు. నల్లటి విరేచనం, మింగలేకపోవడం, కామెర్లు ఉంటే ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.